ఆన్ చేస్తే రెండు విండోస్ 10లు చూపిస్తోంది, పాతది తీసేయడం ఎలా?

మండపేట మాస్టారు

అందరికీ నమస్కారం. నేను రిటైరైన లెక్కల మాస్టారిని. కంప్యూటరు వాడటం వచ్చు, విప్పడం రాదు. సీపీయూ మూత తీయాలంటే ఇప్పటికీ జంకే.

మా ఇంట్లోది పాత డెస్క్‌టాప్. మూడో తరం ఐ3, 8 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. బాగా నెమ్మదించిందని మా అబ్బాయి బెంగళూరు నుంచి 240 జీబీ ఎస్ఎస్‌డీ పంపాడు. దాన్ని ఇక్కడొక షాపులో ఇచ్చాను. అతను కొత్తది బిగించి దాంట్లో విండోస్ 10 వేశాడు. పాత డిస్కును కూడా లోపలే ఉంచి, "మీ ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి సార్" అన్నాడు. ఉన్నాయి, అబద్ధం లేదు. వేగం కూడా నేను ఊహించనంత పెరిగింది.

చిక్కల్లా ఇక్కడ వచ్చింది. ఆన్ చెయ్యగానే నీలం తెర మీద "చూజ్ యాన్ ఆపరేటింగ్ సిస్టమ్" అని వస్తుంది. కింద రెండు గడులు. రెండింటి మీదా "విండోస్ 10" అనే ఉంటుంది. 30 నుంచి సెకన్లు వెనక్కి లెక్కపెట్టి, మనం ఏమీ నొక్కకపోతే పైదాన్ని తెరుస్తుంది. పైది కొత్తది. కిందది పాతది. నాకు అలవాటైంది కానీ మా ఆవిడకి కాలేదు. ఆవిడ ఒకరోజు కిందది నొక్కి, పాతదాంట్లోకి వెళ్లి, వాళ్ల అన్నయ్య మనవరాలి ఓణీల ఫంక్షన్ ఫొటోలన్నీ ఆ డెస్క్‌టాప్ మీద పెట్టింది. మర్నాడు కొత్తదాంట్లో తెరిచి "ఫొటోలు మాయమయ్యాయి" అని నన్ను నిలదీసింది. మాయం కాలేదని చూపించేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంకో తికమక. కొత్త విండోస్‌లోంచి చూస్తే కొత్త డిస్కు "సీ", పాత విండోస్ ఉన్నది "ఎఫ్". పాతదాంట్లోకి వెళ్తే అదే "సీ" అయి కూర్చుంటుంది. ఒక లెక్కలో ఎక్స్ విలువ 3, పక్క లెక్కలో 7 అయినట్టు. ఇలాంటప్పుడు "సీ డ్రైవ్‌లో ఫలానాది చెరిపెయ్యండి" అని ఎవరైనా సలహా ఇస్తే, ఏ సీ?

పెన్షనర్ల సంఘం కార్యదర్శిగా రాసిన ఉత్తరాలు, సర్క్యులర్లు అన్నీ పాతదాంట్లోనే ఉన్నాయి. కొన్ని పేజ్‌మేకర్‌లో (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేరు) అను అనే తెలుగు ఫాంట్లతో చేసినవి. లైఫ్ సర్టిఫికెట్ల సీజనులో వేలిముద్రల మిషన్ తగిలించి సభ్యులకు నేనే చేసిపెడతాను. ఆ సాఫ్ట్‌వేరూ పాతదాంట్లోనే ఉంది.

పాత విండోస్ తీసేసి, వీలైతే ఆ హార్డ్‌డిస్కును బయటికి తీయించి, యూఎస్‌బీ డబ్బాలో పెట్టి బ్యాకప్‌కు వాడదామని నా ఆలోచన. షాపతనికి ఫోన్ చేస్తే "పాతది ఫార్మాట్ కొట్టెయ్యండి సార్, పోద్ది" అన్నాడు. ఏది పోతుందో అడిగే ధైర్యం లేక ఇక్కడికొచ్చాను. ఏది ఏదో ఖాయంగా తెలుసుకోవడం ఎలా? పాతది తీస్తే కొత్తదానికి ఏమైనా అవుతుందా? తీసేముందు ఏమేం దాచుకోవాలి?

వైజాగ్ స్పీడ్

చాలా సింపుల్ సార్. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎమ్ఎస్‌కాన్ఫిగ్ అని కొట్టండి. బూట్ ట్యాబ్‌లో రెండు విండోస్‌లు కనిపిస్తాయి. "కరెంట్ ఓఎస్" అని రాసి లేనిదాన్ని ఎంచుకుని డిలీట్ కొట్టండి. తర్వాత ఎఫ్ డ్రైవ్ మీద రైట్ క్లిక్, ఫార్మాట్. ఆ తర్వాత డిస్కు పీకి డబ్బాలో పెట్టుకోండి. ఐదు నిమిషాల పని. టెన్షన్ పడకండి.

కరీంనగర్ హార్డ్‌వేర్

మాస్టారూ, కొంచెం ఆగండి. పై తమ్ముడు చెప్పిన మొదటి ముక్క తప్పు కాదు. చివరి ముక్క దగ్గరే మీ కంప్యూటరు నల్ల తెర చూపించే అవకాశం ఉంది.

నేను సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పని నేర్చుకుని, ఇప్పుడు సొంతూళ్లో రిపేర్లు చేసుకుంటున్నా. ఎస్ఎస్‌డీలు చవకైనప్పటి నుంచి మా బల్ల మీదికొచ్చే కేసుల్లో ఇదొకటి రెగ్యులర్. "పాత డిస్కు తీసేశాక కంప్యూటర్ ఆన్ కావట్లేదన్నా, కొత్త ఎస్ఎస్‌డీ పాడైనట్టుంది" అంటూ తెస్తారు. ఎస్ఎస్‌డీకి ఏమీ కాదు. దాంట్లో విండోస్ నిక్షేపంగా ఉంటుంది. దాన్ని లేపే ఫైళ్లు మాత్రం పాత డిస్కుతో పాటు బయటికి పోయి ఉంటాయి.

ఎందుకంటే విండోస్ అన్నది ఒకే చోట ఉండే వస్తువు కాదు. కరెంటు రాగానే మదర్‌బోర్డు ముందు వెతికేది విండోస్ ఫోల్డర్‌ని కాదు. బూట్ మేనేజర్ అని ఒక చిన్న ప్రోగ్రాం, దాని పక్కనే బీసీడీ అని ఒక జాబితా ఉంటాయి. "ఈ కంప్యూటర్లో ఫలానా డిస్కులో ఒక విండోస్ ఉంది, ఫలానా దాంట్లో ఇంకోటి ఉంది" అని ఆ జాబితాలో రాసి ఉంటుంది. మీకు కనిపించే నీలం తెర ఆ జాబితాయే. ఈ రెండూ సాధారణంగా ఒక చిన్న పార్టిషన్లో, అంటే డిస్కులో విడగొట్టిన ఒక భాగంలో ఉంటాయి. దానికి డ్రైవ్ అక్షరం ఉండదు కాబట్టి ఫైల్ ఎక్స్‌ప్లోరర్లో కనబడదు.

పాత డిస్కు తగిలి ఉండగానే కొత్తదాంట్లో విండోస్ వేస్తే, ఇన్‌స్టాలర్ ఆ చిన్న పార్టిషన్ని చూసి "ఇప్పటికే ఒకటి ఉంది కదా" అనుకుని, జాబితాలో ఇంకో పేరు చేర్చి ఊరుకుంటుంది. కొత్త డిస్కులో వేరేగా పెట్టదు. అందుకే నేను ఏ విండోస్ వేసినా ముందు మిగతా డిస్కుల కేబుళ్లు పీకేస్తా. మీ షాపతను ఆ ఒక్క పని చేసి ఉంటే ఈ మెనూ వచ్చేదే కాదు. తర్వాతైనా ఒక్క కమాండ్ కొడితే సరిపోయేది.

కాబట్టి మీరు వేసుకోవాల్సిన ప్రశ్న రెండు ముక్కలు. ఇప్పుడు నడుస్తున్న విండోస్ ఏ డిస్కులో ఉంది అన్నది ఒకటి. దాన్ని లేపుతున్న ఫైళ్లు ఏ డిస్కులో ఉన్నాయి అన్నది రెండోది. అందరూ మొదటిది చూసి ఆగిపోతారు.

రెండూ ఒకేచోట తెలుస్తాయి. కొత్త విండోస్‌లోకి వెళ్లి, స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింద ప్రతి డిస్కుకూ ఒక అడ్డపట్టీ ఉంటుంది. పార్టిషన్ల గడుల్లో బ్రాకెట్లో చిన్న అక్షరాలు ఉంటాయి, అవి చదవండి. "బూట్" అని ఉన్నది ఇప్పుడు నడుస్తున్న విండోస్. "సిస్టమ్" అని ఉన్నది దాన్ని లేపిన ఫైళ్లున్న చోటు. పేర్లు తారుమారు అయినట్టు అనిపిస్తుంది కానీ మైక్రోసాఫ్ట్ వాళ్ల లెక్క అదే. డ్రైవ్ అక్షరాలు మాత్రం నమ్మకండి. మీ ఎక్స్ ఉదాహరణ సరైనదే, ఏ విండోస్ లేస్తే అది తనను తాను సీ అనుకుంటుంది. సైజు చూసి గుర్తుపట్టండి.

అలాగే రన్‌లో ఎమ్ఎస్ఇన్ఫో32 కొట్టి, "బయోస్ మోడ్" ఎదురుగా లెగసీ అని ఉందా, యూఈఎఫ్ఐ అని ఉందా చెప్పండి. కంప్యూటరు లేచే పాత పద్ధతి లెగసీ, కొత్తది యూఈఎఫ్ఐ. మందు దాన్ని బట్టి మారుతుంది. ఈ రెండూ చెప్పేదాకా దేన్నీ చెరపొద్దు.

వైజాగ్ తమ్ముడూ, ఎమ్ఎస్‌కాన్ఫిగ్‌లో డిలీట్ కొడితే పోయేది జాబితాలో పేరు మాత్రమే. విండోస్ ఫోల్డర్, దాని జీబీలు అలాగే ఉంటాయి. ఇంకో సంగతి, సిస్టమ్ అన్న ముద్ర ఉన్న పార్టిషన్ని ఫార్మాట్ కొట్టబోతే విండోసే ఒప్పుకోదు. ఒప్పుకోలేదని విసుగొచ్చి డిస్కే పీకేస్తారు చూడండి, ప్రమాదం అక్కడ.

మండపేట మాస్టారు

చాలా విపులంగా చెప్పారు బాబూ, ధన్యవాదాలు. మీరన్నట్టే చూశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

డిస్క్ 0, మొత్తం 465.76 జీబీ. దాంట్లో మొదట "సిస్టమ్ రిజర్వ్డ్" అని 549 ఎంబీ, బ్రాకెట్లో "సిస్టమ్, యాక్టివ్, ప్రైమరీ పార్టిషన్" అని ఉంది. పక్కన ఎఫ్, 195.31 జీబీ, ఉత్త "ప్రైమరీ పార్టిషన్". దాని పక్కన "ఈ" అక్షరంతో ఇంకోటి, 269.91 జీబీ. ఇది నా డేటా డ్రైవ్.

డిస్క్ 1, మొత్తం 223.57 జీబీ. అంతా ఒకే గడి, సీ. బ్రాకెట్లో "బూట్, పేజ్ ఫైల్, క్రాష్ డంప్, ప్రైమరీ పార్టిషన్".

బయోస్ మోడ్ లెగసీ.

240 జీబీ అని కొన్నది 223 ఎందుకయిందో షాపతను చెప్పలేకపోయాడు కానీ నేను 240 తర్వాత తొమ్మిది సున్నాలు పెట్టి 1024తో మూడుసార్లు భాగిస్తే దాదాపు సరిపోయింది. అది వేరే సంగతి.

నాకర్థమైనంతలో కొత్త విండోస్ కొత్త డిస్కులోనే ఉంది. దాన్ని లేపే ఫైళ్లు మాత్రం పాత డిస్కులో ఆ 549 ఎంబీలో ఉన్నాయి. అంతేనా? అంటే నేను ఆ డిస్కు బయటికి తీయించి ఉంటే?

కరీంనగర్ హార్డ్‌వేర్

అంతే. తీయించి ఉంటే నల్ల తెర, తెల్ల అక్షరాలు. బూట్ చేయడానికి డిస్కు లేదనో, బూట్‌మేనేజర్ లేదనో చెప్పేది. మీది పక్కా లెగసీ కేసు, మందు తేలిక.

ఫోన్లో తెలుగు కీబోర్డు మీద రాస్తున్నా, కమాండ్లు మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి. ఎక్కడ ఖాళీ వదిలానో అక్కడే వదలండి.

ముందు బ్యాకప్. అది కాకుండా కిందికి వెళ్లొద్దు. ఏమేం తీసుకోవాలో డీటీపీ పని తెలిసినవాళ్లు ఎవరైనా ఇక్కడ చెప్తారు, అను ఫాంట్ల సంగతి నాకంత పట్టు లేదు.

బ్యాకప్ అయ్యాక కొత్త విండోస్‌లోకి వెళ్లండి. స్టార్ట్ పక్కన వెతికేచోట సీఎమ్‌డీ అని కొట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" నొక్కండి. నల్ల కిటికీలో ఇది కొట్టి ఎంటర్ నొక్కండి:

బీసీడీబూట్ సీ:\విండోస్ /ఎస్ సీ: /ఎఫ్ బయోస్

"బూట్ ఫైల్స్ సక్సెస్‌ఫుల్లీ క్రియేటెడ్" అని ఒక్క లైను రావాలి. ఈ కమాండ్ కొత్త డిస్కులోనే బూట్ మేనేజర్నీ, కొత్త జాబితానీ తయారుచేస్తుంది. ఆ జాబితాలో ఒక్క విండోసే ఉంటుంది కాబట్టి మీ నీలం తెర కూడా దానంతట అదే పోతుంది. ఎమ్ఎస్‌కాన్ఫిగ్ దాకా వెళ్లే అవసరమే ఉండదు.

తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిస్క్ 1లోని సీ గడి మీద రైట్ క్లిక్, "మార్క్ పార్టిషన్ యాజ్ యాక్టివ్". లెగసీ కంప్యూటర్లో ఈ యాక్టివ్ ముద్ర లేకపోతే డిస్కులో ఫైళ్లున్నా వాటివైపు చూడదు. ఒక్కో డిస్కుకు ఒక్కో యాక్టివ్ ఉండొచ్చు, పాతదాని ముద్ర ఏమీ కాదు.

ఇప్పుడు పరీక్ష. షిఫ్ట్ నొక్కిపట్టుకుని షట్‌డౌన్ కొట్టండి. మామూలు షట్‌డౌన్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. షిఫ్ట్‌తో పూర్తిగా ఆగుతుంది. ఆగాక ప్లగ్గు పీకండి. మూత తీసి, పాత హార్డ్‌డిస్కుకున్న సన్న కేబుల్, అంటే సాటా డేటా కేబుల్ ఒక్కటి మెల్లగా లాగండి. డిస్కు విప్పక్కర్లేదు, స్క్రూలు ముట్టక్కర్లేదు. మూత తీయడం భయమైతే పక్కింటి ఇంజనీరింగ్ పిల్లాడిని పిలవండి, ఈ ఒక్క పనీ వాళ్లకొచ్చు.

ఆన్ చేయండి. నేరుగా విండోస్‌లోకి వెళ్తే పని అయిపోయినట్టే. తెర మీద ఎర్రర్ వస్తే కంగారు వద్దు. ఇప్పటిదాకా మనం ఏదీ చెరపలేదు. ఆపి, కేబుల్ మళ్లీ పెడితే పాత పద్ధతిలోనే లేస్తుంది. అప్పుడు విండోస్ పెన్‌డ్రైవ్‌లో బూట్ ఫోల్డర్లో ఉండే బూట్‌సెక్ట్ వాడాలి, ఆ సంగతి అప్పుడు చూద్దాం.

సరిగ్గా లేస్తే మళ్లీ ఆపి, కేబుల్ పెట్టి, ఆన్ చేస్తూనే డిలీట్ లేదా ఎఫ్2 కొట్టి బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లండి. బూట్ పేజీలో ఎస్ఎస్‌డీని మొదట పెట్టండి. ఆ కాలం బోర్డుల్లో చాలావాటికి "హార్డ్‌డిస్క్ డ్రైవ్ ప్రయారిటీస్" అని ఇంకో లోపలి పేజీ ఉంటుంది. దాంట్లో ఎస్ఎస్‌డీని పైకి తేకపోతే బయటి పేజీలో ఎస్ఎస్‌డీ పేరే కనబడదు. చాలామంది అక్కడే తిరుగుతుంటారు.

విండోస్ లేచాక డిస్క్ మేనేజ్‌మెంట్ మళ్లీ చూడండి. "సిస్టమ్" అన్న మాట ఇప్పుడు సీ గడిలోకి వచ్చి ఉండాలి. వచ్చిందా లేదా చూసి, వచ్చిందంటేనే పాతవాటి మీద చెయ్యి వెయ్యండి. ఎఫ్ మీద రైట్ క్లిక్, డిలీట్ వాల్యూమ్. 549 ఎంబీది కూడా అలాగే. ఆ రెండూ కలిసి ఖాళీ జాగా అవుతాయి, దాంట్లో కొత్త వాల్యూమ్ చేసుకోండి. ఆ జాగాని మీ డేటా ఉన్న "ఈ" డ్రైవ్‌కి కలుపుదామనుకుంటే కుదరదు. ఖాళీ కుడిపక్కన ఉంటేనే విండోస్ కలుపుతుంది, మీకు ఎడమపక్కన ఉంది. దాని కోసం ఏవేవో ఫ్రీ పార్టిషన్ సాఫ్ట్‌వేర్లు దించుకోవద్దని నా మాట. డేటా ఉన్న పార్టిషన్ని జరిపేటప్పుడు మధ్యలో కరెంటు పోతే నేనూ ఏం చేయలేను.

ఎఫ్‌లో విండోస్ ఫోల్డర్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఒక్కొక్కటే డిలీట్ చేద్దామని మాత్రం కూర్చోకండి. "పర్మిషన్ లేదు" అని ప్రతి ఫోల్డరూ అడ్డం తిరుగుతుంది. కావాల్సినవి బయటికి తీసి మొత్తం ఎత్తెయ్యడమే శుభ్రం.

పద్మజ డీటీపీ

మాస్టారు గారూ, ఆయన నన్నే పిలిచినట్టుంది. మాది విజయవాడ, శుభలేఖలు, కరపత్రాలు చేస్తాం.

పాత విండోస్‌లోంచి కాపీ చేసుకునేటప్పుడు అందరూ యూజర్స్‌లో తమ పేరున్న ఫోల్డర్ తీసుకుని చాలనుకుంటారు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ దాంట్లో వచ్చేస్తాయి, మేడమ్ గారి ఓణీల ఫొటోలతో సహా. తెరవబోతే అనుమతి లేదంటుంది, "కంటిన్యూ" కొట్టి కాసేపు ఆగితే తెరుచుకుంటుంది. కానీ దాని పక్కనే "పబ్లిక్" అని ఒక ఫోల్డర్ ఉంటుంది, దాన్నెవరూ చూడరు. ట్యాలీ అనే పద్దుల సాఫ్ట్‌వేర్ వాడే ఇళ్లల్లో చాలాసార్లు కంపెనీ డేటా అంతా ఆ పబ్లిక్‌లోనే ఉంటుంది. మీకు ట్యాలీ లేకపోయినా అది కూడా తీసుకోండి, పోయేదేముంది.

పేజ్‌మేకర్ ఫైళ్లు మనం ఎక్కడ దాచామో మనకే గుర్తుండదు. ఎఫ్ డ్రైవ్ తెరిచి, పైన వెతికే గడిలో *.పీఎమ్‌డీ అని కొట్టండి, తర్వాత *.పీ65 అని కూడా. మొదటిది 7వ వెర్షనుది, రెండోది 6.5ది. పాత సర్క్యులర్లు 6.5లో చేసి ఉంటే మొదటి వెతుకులాటలో రావు. ఒక్కొక్కరు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పేజ్‌మేకర్ ఫోల్డర్లోనే సేవ్ చేసుకుంటూ పోతారు, మా దగ్గరా అలాంటివాళ్లున్నారు!

ఫాంట్ల కోసం ఎఫ్‌లో విండోస్, దాంట్లో ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఉంచుకోండి. తర్వాత కావాల్సిన అను ఫాంట్ల మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ కొడితే పాత ఉత్తరాలు చదవడానికి వస్తాయి. లేకపోతే "శ్రీయుత" అన్నచోట ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, డాలర్ గుర్తులు కనిపిస్తాయి. ఫైలు పాడైందనుకోవద్దు, ఫాంటు లేదంతే. టైపు చేయాలంటే మాత్రం అను స్క్రిప్ట్ మేనేజర్ కొత్తదాంట్లో మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే, ఫోల్డర్ ఎత్తుకొచ్చి పెడితే పనిచేయదు. పేజ్‌మేకర్ కూడా అంతే. వాటి సెటప్ సీడీలో, ఫైళ్లో మీ దగ్గరున్నాయో లేదో ఎఫ్ చెరపకముందే చూసుకోండి. మీ వేలిముద్రల మిషన్‌కి కూడా డ్రైవరు, ఆర్‌డీ సర్వీసు (వేలిముద్రను ఆధార్‌కు పంపే సాఫ్ట్‌వేరు) కొత్తదాంట్లో వేసి, ఒక్కసారి నిజంగా వేలు పెట్టి చూసుకోండి. సీజన్ మొదలయ్యాక వరండాలో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఇది చేసుకోవడం కష్టం.

ఇంకొక్కటి. క్రోమ్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు ఫోల్డర్ కాపీతో రావు. అవి పాత విండోస్‌లోని మీ లాగిన్‌తో తాళం వేసి ఉంటాయి. కాబట్టి ఎఫ్ ఇంకా బతికుండగానే నీలం తెరలో కిందది నొక్కి పాతదాంట్లోకి వెళ్లి, క్రోమ్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్‌లు ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ఆ ఫైల్లో పాస్‌వర్డ్‌లు మామూలు అక్షరాల్లోనే ఉంటాయి, కొత్తదాంట్లోకి ఎక్కించాక దాన్ని చెరిపెయ్యండి.

నల్గొండ చైతన్య

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాకు నీలం తెర రాదు, కానీ సీలో విండోస్.ఓల్డ్ అని ఒక ఫోల్డర్ 20 జీబీ పైన తింటోంది. ఇది కూడా రెండో విండోస్ కిందే లెక్కా?

కరీంనగర్ హార్డ్‌వేర్

కాదు చైతన్యా. అది లేచి నడిచే విండోస్ కాదు, అప్‌డేట్ అయినప్పుడు వెనక్కి వెళ్లడానికి దాచిన పాత కాపీ. అప్‌గ్రేడ్ అయిన పది రోజులదాకా వెనక్కి వెళ్లే వీలుంటుంది, తర్వాత దానంతట అదే పోవాలి. పోకపోతే డిస్క్ క్లీనప్ తెరిచి "క్లీన్ అప్ సిస్టమ్ ఫైల్స్" కొట్టి, "ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టాలేషన్స్" మీద టిక్ పెట్టు. లోపల యూజర్స్‌లో నీ పాత ఫైళ్లేమైనా ఉన్నాయేమో ముందు చూసుకో.

లైనక్స్ కుర్రాడు

విండోస్ పక్కన ఉబుంటు (విండోస్ బదులు వాడే లైనక్స్‌లో ఒక రకం) వేసుకుని తర్వాత వద్దనుకునేవాళ్లకీ ఇదే గొడవ అండి. విండోస్‌లోంచి ఉబుంటు పార్టిషన్లు చెరిపేస్తారు. పాత లెగసీ కంప్యూటరైతే తర్వాత "గ్రబ్ రెస్క్యూ" అని ఒక్క లైను వచ్చి ఆగిపోతుంది. లేపే ప్రోగ్రాంలో మొదటి ముక్క డిస్కు మొదట్లోనూ, మిగతాది చెరిపేసిన ఉబుంటులోనూ ఉండడమే కారణం. విండోస్ పెన్‌డ్రైవ్‌తో లేపి బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్ కొడితే సర్దుకుంటుంది. యూఈఎఫ్ఐ ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లో అయితే, చెరిపేముందే బయోస్‌లో "విండోస్ బూట్ మేనేజర్"ని మొదటి వరుసలోకి తెచ్చేసుకోవాలి.

మాస్టారు గారూ, ఒక మాట. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరం నుంచే అధికారికంగా అనుమతి, మీ ఐ3 మూడో తరం. ఆ ఖాళీ అయ్యే 195 జీబీలో లైనక్స్ వేసుకుని చూడండి. మన హైదరాబాద్ స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులోనే కనిపించే లైనక్స్ కూడా చేశారు.

కరీంనగర్ హార్డ్‌వేర్

తమ్ముడూ, మాస్టారు రెండు ఓఎస్‌లు ఉన్నాయనే కదా వచ్చింది! ఆయన పేజ్‌మేకర్, అను, వేలిముద్రల మిషన్ అన్నీ విండోస్ మీదే. నీ మాట కొట్టిపారేయను, కానీ ముందు ఒకటి శుభ్రం కానీ.

యూఈఎఫ్ఐ అన్నావు కాబట్టి ల్యాప్‌టాప్‌వాళ్ల కోసం రెండు మాటలు. అందులో సిస్టమ్ రిజర్వ్డ్ బదులు "ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్" అని ఉంటుంది, సాధారణంగా 100 ఎంబీ. డిస్క్ మేనేజ్‌మెంట్ దాన్ని ముట్టుకోనివ్వదు. పైన మాస్టారికి ఇచ్చిన కమాండ్ యూఈఎఫ్ఐకి పనికిరాదు, యాక్టివ్ ముద్ర అన్నది అక్కడ లేనే లేదు. ఇంకా ముఖ్యం బిట్‌లాకర్. ఈ మధ్య విండోస్ 11తో వచ్చే ల్యాప్‌టాప్‌ల్లో మనకు తెలియకుండానే డిస్కు తాళం పడి ఉంటుంది. బూట్ వరుస మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఉంటుంది, ముందే చూసి కాగితం మీద రాసుకుని అప్పుడు పని మొదలెట్టండి.

మండపేట మాస్టారు

పని పూర్తయింది. అందరికీ ఒకేసారి చెప్తున్నాను.

పద్మజమ్మ చెప్పిన వెతుకులాటలో *.పీ65తో నేను మర్చిపోయిన సావనీర్ పేజీలు బయటపడ్డాయి, ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల. ఆ సేవ్ చేసిన మనిషి ఎవరో చెప్పను. పబ్లిక్ ఫోల్డర్లో ఏమీ లేదు. ఫాంట్లు తీసుకున్నాను. వేలిముద్రల మిషన్ కొత్తదాంట్లో మొదట పలకలేదు. ఆర్‌డీ సర్వీసు తీసేసి మళ్లీ వేసి, రీస్టార్ట్ చేశాక పలికింది. మా ఆవిడ వేలితో చూశాం.

కమాండ్ దగ్గర నాకొక అనుమానం వచ్చింది. సీ:\విండోస్‌లో గీత ఎటు వాలాలి, /ఎస్‌లో ఎటు వాలాలి అని. పైన చూసి అలాగే కొట్టాను, మీరు చెప్పిన లైనే వచ్చింది. యాక్టివ్ చేశాను. మూత మా ఎదురింటి పాలిటెక్నిక్ కుర్రాడు తీశాడు. కేబుల్ లాగి ఆన్ చేస్తే నీలం తెర లేదు, లెక్కపెట్టడం లేదు, నేరుగా లాగిన్‌కి వెళ్లింది.

కేబుల్ మళ్లీ పెట్టాక మాత్రం మళ్లీ రెండు విండోస్‌లు ప్రత్యక్షం. ఇదేమిటని బయోస్‌లోకి వెళ్తే, మీరన్న లోపలి పేజీలో పాత డిస్కే పైన ఉంది. మార్చాక పోయింది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో "సిస్టమ్" సీ గడిలోకి వచ్చింది. బ్రాకెట్లో ఇప్పుడు "సిస్టమ్, బూట్, పేజ్ ఫైల్, యాక్టివ్" అని పెద్ద బిరుదులే ఉన్నాయి. అప్పుడు ఎఫ్ తీసేశాను, 549 ఎంబీదీ తీసేశాను.

ఇక మిగిలింది ఆ డిస్కును డబ్బాలో పెట్టడం. కొన్ని ఫోల్డర్లు కాపీ అయ్యేటప్పుడు చాలాసేపు కదలకుండా ఆగిపోయి, మళ్లీ నడిచింది. దాన్ని బ్యాకప్‌కు నమ్మొచ్చా?

కరీంనగర్ హార్డ్‌వేర్

ఆ ఆగడం నాకు నచ్చలేదు మాస్టారూ. డబ్బా కొనకముందే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసి చూడండి. పైన నీలంలో "గుడ్" అని ఉంటే ఒక మాట, పసుపులో "కాషన్" అని ఉంటే ఇంకో మాట. కింద జాబితాలో 05 నంబరు "రీఅలోకేటెడ్ సెక్టార్స్", సీ5 నంబరు "కరెంట్ పెండింగ్ సెక్టార్స్" అన్న వరుసల్లో చివరి గడిలోని విలువ మొత్తం సున్నా ఉండాలి. అక్కడ అంకెలు పదహారు ఆధారంతో ఉంటాయి, మీకు నేను చెప్పక్కర్లేదు.

సీ5లో సున్నా కాకుండా ఏదైనా ఉంటే, "ఈ" అక్షరం డ్రైవ్‌లో ఉన్న మీ డేటాని ఇవాళే వేరేచోటికి తీయండి. కొత్త విండోస్‌కి ఇప్పుడు ఆ డిస్కుతో పనేమీ లేదు, కాబట్టి పీకేసినా కంప్యూటరు ఆగదు. ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.